కారు ఏసీ గ్యాస్ ప్రెషర్ మనమే చూసుకోవడం ఎలా

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే కారు ఏసీ సత్తా ఎంతో తెలిసిపోతుంది. ఔటర్ మీద మంచులా వచ్చిన గాలి సిగ్నల్లో రెండు నిమిషాలు నిలబడేసరికి గోరువెచ్చగా మారుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే బోనెట్ ఎత్తకముందే జవాబు రెడీ: "గ్యాస్ ఖతమైంది అన్నా, కొట్టిద్దాం." నా కారుకి ఒకే ఎండాకాలంలో మూడుసార్లు కొట్టారు. మూడోసారి కూడా పది రోజులకే అదే సిగ్నల్లో అదే చెమట. ఆ వారమే రాణిగంజ్ వెళ్లి గేజ్ సెట్ కొనుక్కున్నాను.

ఇందులో గ్యాస్ నింపడం నేర్పను. గేజ్ తగిలించి, ప్రెషర్ చదివి, రోగం ఎక్కడుందో ఒక అంచనాకు రావడం వరకే. అంతమాత్రం తెలిసినా షెడ్డులో అడిగే ప్రశ్నలు మారిపోతాయి.

గేజ్ చేతికి తీసుకునే ముందు ఒక సంగతి బుర్రకెక్కాలి. వంటింట్లో సిలిండర్ సగానికి వచ్చిందని పొయ్యి మీద మంట సగం అవుతుందా? కాదు. లోపల చివరి చుక్క ద్రవం ఉన్నంతవరకు ప్రెషర్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్ ఎత్తి చూడాల్సిందే. కారు ఏసీలో ఉండే ఆర్‌134ఎ గ్యాస్ కూడా అంతే. ద్రవం, ఆవిరి రెండూ కలిసి ఉన్నచోట ప్రెషర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రత. కాబట్టి ఈ గేజ్ నిజానికి ఒక థర్మామీటర్. దాని ముఖం మీద పీఎస్ఐ అంకెల లోపలివైపు ఇంకో వరసలో డిగ్రీలు అచ్చు వేసి ఉంటాయి, చూడండి. చాలామంది ఆ వరస జోలికే పోరు. నేనైతే ముందు అదే చూస్తాను.

సామాన్ల విషయం. ఆర్‌134ఎ కప్లర్లు ఉన్న మానిఫోల్డ్ గేజ్ సెట్ అని అడగండి. నీలం గేజ్, నీలం పైపు తక్కువ ప్రెషర్ ఉండే లో సైడ్‌కి, ఎరుపు ఎక్కువ ప్రెషర్ ఉండే హై సైడ్‌కి, మధ్యలోని పసుపు పైపు గ్యాస్ ఎక్కించడానికో వాక్యూమ్ కొట్టడానికో (అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయడానికో). ఇంటి ఏసీకి వాడే సెట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ కారుకి తగలదు. కారు సెట్‌కి చివర నొక్కితే బిగుసుకునే కప్లర్లు ఉండాలి. వీటితోపాటు కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు, ఒక థర్మామీటర్, సబ్బు నీళ్లు. కళ్లద్దాల దగ్గర మొహమాటం వద్దు. ఈ ద్రవం బయటి గాలిలో సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది, అంటే చర్మం మీద పడితే ఆ చోటు గడ్డకట్టి కాలినట్టు అవుతుంది. కంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక బోనెట్ ఎత్తండి. ముందుభాగంలోనో బోనెట్ లోపలివైపో ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్ అన్నీ రాసి ఉంటాయి. ఆర్‌134ఎ అని ఉంటేనే ముందుకు వెళ్లండి. ఆర్‌1234వైఎఫ్ అని ఉంటే అది వేరే గ్యాస్, దాని పోర్టులు వేరు, కాస్త మండే గుణం కూడా ఉంది. ఆ పని మెషిన్ ఉన్నవాళ్లకు వదిలేయండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికీ వెళ్లొద్దు. వాటి కంప్రెషర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది. స్టిక్కర్ ఫొటో తీసుకోండి. ఆ గ్రాముల అంకెతో చివర్లో పని పడుతుంది.

గేజ్ లేకుండా తేలిపోయేవి కొన్ని ఉంటాయి. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేస్తే కంప్రెషర్ దగ్గర టక్ మని క్లచ్ పట్టుకుంటోందా? రేడియేటర్ దగ్గర ఫ్యాన్ తిరుగుతోందా? ముందు గ్రిల్‌లోంచి తొంగి చూస్తే కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి తోసే జాలీ) రెక్కల మధ్య దుమ్ము గడ్డకట్టి ఉందా? మన ఊళ్లో ఏ రోడ్డు చూసినా ఏదో ఒక కట్టడం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఏడాది తిరిగేసరికి అక్కడ సిమెంటు పూత పట్టినట్టు ఉంటుంది. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. గాలి చల్లగానే ఉండి విసురు తగ్గితే లోపం చాలాసార్లు అక్కడే. పైపుల జాయింట్ల దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే లీకు అడ్రస్ దొరికినట్టే, ఎందుకంటే గ్యాస్ బయటికి పోయేటప్పుడు కాస్త ఆయిల్‌ని వెంటబెట్టుకునే పోతుంది.

ఇప్పుడు పోర్టులు వెతకాలి. లావు పైపు మీద ఉండేది లో సైడ్, సన్న పైపు మీద ఉండేది హై సైడ్. మూతల మీద ఎల్, హెచ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఏసీ నడుస్తుండగా లావు పైపు చల్లగా ఉండి చెమట పడుతుంది, సన్నది వేడిగా ఉంటుంది. రెండూ తారుమారు చేద్దామన్నా కుదరదు: లో పోర్టు 13 మిల్లీమీటర్లు, హై పోర్టు 16 మిల్లీమీటర్లు. కప్లర్ ఎక్కడం లేదంటే బలం పెట్టకండి, తప్పు పోర్టు దగ్గర ఉన్నారని అర్థం. మూత తీసే ముందు చుట్టూ ఉన్న మట్టిని గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు పోర్టు లోపలి పిన్ను మీద కూర్చుంటే అప్పటిదాకా లేని లీకు మీ చేతుల మీదుగా మొదలవుతుంది.

తగిలించడం

మానిఫోల్డ్ (గేజ్‌లు బిగించి ఉన్న దిమ్మ) మీదున్న రెండు నాబ్‌లూ కుడివైపు తిప్పి పూర్తిగా మూసేయండి. ప్రెషర్ చూడటానికి వాటితో పనే లేదు, అవి మూసి ఉన్నా గేజ్‌లు చదువుతాయి. పని మొత్తంలో ఇవి తెరవాల్సిన అవసరం రాదు. ముఖ్యంగా ఇంజన్ నడుస్తుండగా, పసుపు పైపుకి గ్యాస్ డబ్బా తగిలించి ఉన్నప్పుడు ఎర్ర నాబ్ తిప్పారంటే రెండొందలకు పైగా ఉన్న ప్రెషర్ ఆ పల్చటి డబ్బాలోకి దూరి దాన్ని పేలుస్తుంది. అందుకే డబ్బాని ఈ రోజు దగ్గరికే రానీయకండి.

తర్వాత కప్లర్ల మీద ఉండే చిన్న నాబ్‌లని ఎడమవైపు తిప్పి వెనక్కి లాగి ఉంచండి. కప్లర్ అంచుని పైకి పట్టుకుని, పోర్టు మీద తిన్నగా పెట్టి, కిందికి నొక్కి వదిలితే టిక్ మంటుంది. కాస్త లాగి చూడండి, ఊడకూడదు. రెండూ కూర్చున్నాక చిన్న నాబ్‌లని నెమ్మదిగా కుడివైపు తిప్పితే లోపలి పిన్ను నొక్కుకుని ముల్లు లేస్తుంది. ఇదంతా ఇంజన్ ఆపి ఉన్నప్పుడే చేయాలి. పైపులు ఫ్యాన్‌కి, బెల్టుకి తగలకుండా బోనెట్ అంచు మీదుగా వేసి, గేజ్‌లని బోనెట్ కొక్కేనికి తగిలించండి.

మొదటి రీడింగ్ ఇంజన్ ఆపి తీసేది. దీనికి మంచి వేళ తెల్లవారుజాము. కారు రాత్రంతా కదలకుండా ఉంటుంది, ఇంజనూ గాలీ ఒకే వేడిలో ఉంటాయి. రెండు ముళ్లూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర నిలవాలి. థర్మామీటర్ 25 డిగ్రీలు చూపిస్తే గేజ్ 82 పీఎస్ఐ దగ్గర ఉండాలి. 30కి 97, 35కి 114, 40కి 133. నాలుగైదు పీఎస్ఐ అటూ ఇటూ అయితే పట్టించుకోకండి, మన గేజ్‌ల కచ్చితత్వం అంతే.

ఈ అంకె సరిపోయిందంటే లోపల కొంత ద్రవం ఉందని మాత్రమే. సిలిండర్ మాట గుర్తుందిగా, 150 గ్రాములున్నా 400 ఉన్నా ముల్లు అక్కడే ఉంటుంది. "నూరు చూపిస్తోంది సార్, గ్యాస్ ఫుల్లుంది" అని ఆగి ఉన్న కారు చూసి ఎవరైనా అంటే నమ్మకండి. ఉండాల్సిన దానికంటే బాగా తక్కువగా, 30 దగ్గరో 40 దగ్గరో ఉంటే ద్రవం ఖాళీ అయిపోయిందన్నమాట, లీకు ఖాయం. అప్పుడు ఏసీ వేయొద్దు. కంప్రెషర్‌కి ఆయిల్ తిప్పేది గ్యాసే, అది లేకుండా నడిపితే లోపల అరిగిపోతుంది. చల్లారిన కారులో ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ చూపిస్తే లోపలికి గాలి చేరి ఉండొచ్చు. వాక్యూమ్ సరిగ్గా కొట్టకుండా గ్యాస్ ఎక్కించిన చోట ఇది మామూలే.

ఇంజన్ నడుపుతూ

సెల్లార్ పార్కింగ్‌లో చేయకండి. పొగ బయటికి పోదు, ఫ్యాన్ వదిలిన వేడి గాలే మళ్లీ ముందుకు తిరిగొచ్చి రీడింగ్ తప్పుతుంది. బయట నీడలో పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. నాలుగు తలుపులూ బార్లా తీసి, ఏసీ ఆన్, చలి చివరికి, బ్లోయర్ ఫుల్, గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి, ఇంజన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టమని ఒకరిని సీట్లో కూర్చోబెట్టండి. నాకు ఈ పనికి మా బావమరిది ఉన్నాడు. వాడి ఒక్క లోపం, కాలు నిలకడగా ఉండదు. ముల్లు ఊగుతోందంటే ముందు వాడిని చూస్తాను, తర్వాతే ఏసీని. తలుపులు తెరవమన్నది ఎందుకంటే, లోపల చల్లబడిపోతే ఏసీ మీద భారం తగ్గి ప్రెషర్‌లూ తగ్గుతాయి, పోల్చుకోడానికి పనికిరావు. బట్టల అంచులు, చున్నీలు, చేతి గొలుసులు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి, అది చెప్పాపెట్టకుండా తిరుగుతుంది.

ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. బయట 30 నుంచి 35 డిగ్రీలున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న చిన్న కారులో లో సైడ్ 25 నుంచి 40 మధ్య, హై సైడ్ 200 నుంచి 240 మధ్య ఉంటుంది. ఎండ ముదిరితే రెండూ పెరుగుతాయి, 40 డిగ్రీల్లో హై సైడ్ 270 దాటినా కంగారు పడక్కర్లేదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే దాని అంకెలే లెక్క, నావి కావు.

నేను చూసే పద్ధతి ఇది. లో సైడ్ ముల్లు 30 దగ్గర ఉంటే లోపలి వరస ఒకటో రెండో డిగ్రీలు చూపిస్తుంది. అంటే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ అంత చల్లగా ఉంది. 45 దగ్గర ఉంటే కాయిల్ పది డిగ్రీలు. హై సైడ్ 220 అంటే కండెన్సర్‌లో గ్యాస్ 58, 59 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోంది. బయటి వేడికి, ఈ అంకెకి తేడా 20, 25 డిగ్రీలు ఉంటే కండెన్సర్ తన పని తాను చేస్తున్నట్టే. ఆ తేడా 35కి పోయిందంటే వేడిని బయటికి తోయలేక అవస్థ పడుతోంది. ఈ లెక్క పట్టుబడితే ఏ ఋతువులో చూసినా చార్టు వెతకాల్సిన పని ఉండదు.

ఇక తప్పుడు జతలు. రెండూ తక్కువ, లో 12, హై 110 లాగా ఉండి, క్లచ్ నిమిషంలో పదిసార్లు టక్ టక్ మంటుంటే గ్యాస్ నిజంగానే తక్కువ. లో ఎక్కువ, హై తక్కువ, 70కి 130 లాగా ఒకదానికొకటి దగ్గరగా వస్తే కంప్రెషర్ నొక్కడం మానేసింది. లో సున్నాకి, ఒక్కోసారి సున్నా కిందికి కూడా జారిపోతే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్న రంధ్రంలోంచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. మొదట పది నిమిషాలు బాగానే ఉండి తర్వాత జారి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ బాగుంటే లోపల తేమ ఉంది, వాల్వ్ రంధ్రం దగ్గర అది మంచై అడ్డం పడుతోంది. ఆ కేసులో గ్యాస్ దారిలో తేమ పీల్చే ఫిల్టర్ (క్యాబిన్‌ది కాదు) మార్చి, వాక్యూమ్ కొట్టాలి. కంప్రెషర్ అవసరాన్ని బట్టి తనే జోరు మార్చుకునే వేరియబుల్ రకమైతే లో సైడ్ ముల్లు ఎండావానల్ని పట్టించుకోకుండా ఒకేచోట కూర్చుంటుంది, దాన్ని చూసి అంతా బాగుందనుకోవద్దు.

రెండూ ఎక్కువగా ఉండటం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఎక్కువగా కనిపించేది, ఎక్కువగా తప్పు వైద్యం జరిగేది ఇక్కడే.

నా కారు సంగతికే వస్తాను. ఆ రోజు నీడలో 38 డిగ్రీలు. ఇంజన్ ఆపి చూస్తే 125, అంటే ఉండాల్సినంతే. నడిపితే లో 55, హై 310, ఇంకా పైకి పాకుతోంది. లోపలి వరసలో 72 డిగ్రీలు, బయటికంటే 34 ఎక్కువ. అదే కారు రోడ్డు మీద అరవైలో పోతుంటే చల్లగా ఉంటుందన్నది గుర్తొచ్చింది. పరుగెత్తేటప్పుడు గాలి దానంతటదే తగులుతుంది, ఆగితే ఫ్యాన్ తోయాలి. ఒక బకెట్ నీళ్లు తెచ్చి, మగ్గుతో గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మెల్లగా పోశాను. మూడో మగ్గుకి ముల్లు కదిలింది. నిమిషం తిరక్కుండా 310 నుంచి 230కి దిగింది, లో సైడ్ 40కి వచ్చింది, లోపల కూర్చున్న మా వాడు "బావా, చల్లగా వస్తోంది!" అని అరిచాడు. నీళ్లు ఆరాయి, ముల్లు మళ్లీ ఎక్కింది.

ఈ మగ్గు పరీక్షకి ఖర్చు లేదు. నీళ్లు పోస్తే ప్రెషర్ దిగి చల్లదనం వస్తే లోపం చాలావరకు గాలి తగలకపోవడంలో ఉంది: ఫ్యాన్, లేదంటే కండెన్సర్ మీది దుమ్ము. వాటర్ సర్వీస్ గన్‌తో దగ్గర్నుంచి కొట్టకండి, రెక్కలు పడుకుంటాయి.

నా కారులో రెండు ఫ్యాన్లున్నాయి. రేడియేటర్‌ది తిరుగుతోంది, ఏసీది కదలడం లేదు. ఇంజన్ ఆపి, తాళం తీసి, చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది, అంటే మోటారు పట్టేయలేదు. ఫ్యూజ్ బాక్సులో హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బీ) మీద, ఫ్యాన్ రిలే మీద ఒకే నంబరు ఉంది. ఒకదాని చోట ఒకటి పెట్టాను. ఫ్యాన్ బర్రుమని తిరిగింది, హారన్ మూగబోయింది. మూడుసార్లు గ్యాస్ కొట్టించుకున్న కారుకి కావాల్సింది ఒక్క రిలే. నా దగ్గర గ్యాస్ డబ్బులు తీసుకున్నవాళ్లలో ఒక్కరూ ఫ్యాన్ వైపు తల తిప్పలేదు.

అయితే కొత్త రిలే వేశాక కూడా హై సైడ్ 280 దగ్గరే ఉండిపోయింది. 310 కాదు, నిజమే, కానీ నాకు నచ్చలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, కండెన్సర్ శుభ్రంగా ఉంది, ఇంకా రెండూ ఎక్కువే ఉన్నాయంటే మిగిలింది రెండే అనుమానాలు: లోపల గాలి, లేదా గ్యాస్ ఎక్కువ కావడం. గేజ్ ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది, ఎంత ఎక్కువో అది చెప్పలేదు. కొంచెం బయటికి వదిలేసి సరిచేద్దామని పిన్ను నొక్కే అలవాటు కొందరికి ఉంది. ఆర్‌134ఎ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి దాదాపు 1,400 రెట్లు. పైగా ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియదు, ఆయిల్ కూడా చిమ్ముతుంది. గ్యాస్‌ని వెనక్కి లాగి తూకం వేసే మెషిన్ ఉన్న చోటికే వెళ్లాలి.

విప్పేటప్పుడు: ఇంజన్ ఆపండి. రెండు ముళ్లూ ఒకదానికొకటి దగ్గరయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగండి. కప్లర్ నాబ్‌లని ఎడమవైపు పూర్తిగా తిప్పి పిన్ను వదిలించాకే అంచు ఎత్తి లాగండి. ఈ వరస మరిచిపోతే బుస్సుమని చేతి మీదికి వస్తుంది. హై సైడ్ పైపు ఇంకా కాలుతూ ఉంటుంది, తొడుగులు తీయకండి. పోర్టు మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి బుడగలొస్తున్నాయేమో చూసి, తుడిచి, మూతలు గట్టిగా బిగించండి. ఆ మూత దుమ్ముకి అడ్డం మాత్రమే అనుకుంటారు చాలామంది. లోపలి పిన్ను కొద్దికొద్దిగా వదిలే గ్యాస్‌ని ఆపేది కూడా మూతలోని రబ్బరు రింగే. షెడ్డు నుంచి వచ్చిన కార్లలో తరచూ కనిపించనిది ఇదే.

మెషిన్ షాపులో నేను పక్కనే నిలబడ్డాను. స్టిక్కర్ మీద 400 గ్రాములు. మెషిన్ బయటికి లాగింది 560. తర్వాత అరగంట వాక్యూమ్ పెట్టారు. ముల్లు 28 అంగుళాల (వాక్యూమ్‌ని కొలిచేది పాదరసం అంగుళాల్లో) దగ్గర ఆగిపోయింది, పుస్తకాల్లో 29, 30 అని ఉంటుంది కదా అని అడగబోయి గుర్తొచ్చి ఊరుకున్నాను. మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి బరువే అంత. మీకూ 28 కనిపిస్తే పంపుని తిట్టకండి; పంపు ఆపాక ఆ ముల్లు కదలకుండా నిలబడుతుందా అన్నదే చూడండి. సరిగ్గా 400 గ్రాములు ఎక్కించాక, అదే 38 డిగ్రీల్లో, 1500 దగ్గర, లో 36, హై 245.

ఈ అంకెల్ని తేదీ, బయటి వేడితో సహా ఒక టేపు ముక్క మీద రాసి బోనెట్ లోపల, స్టిక్కర్ పక్కనే అంటించాను. వచ్చే మే నెలలో ఎవరైనా "గ్యాస్ ఖతమ్" అంటే ముందు ఆ టేపు చూపిస్తాను.